బోర్డో వైనుకు మూడు వంకలు

ఖరగ్‌పూర్‌లో ఫ్రెంచి వైను తాగినవాళ్లు ఇంకా ఎవరైనా ఉండొచ్చు. గీచి గీచి బేరమాడి, నాలుగు సీసాల మీద నాలుగు వేలు తగ్గించి కొన్న మనిషిని మాత్రం ఈ ఊళ్లో నేనొక్కదాన్నే. సీసా మీద ధర అచ్చేసి ఉంటుంది. మగవాళ్లే నోరు మూసుకుని డబ్బిచ్చి తీసుకుపోయే చోటు అది. అలాంటి మందుషాపు జాలీ ముందు చేతిసంచీ పట్టుకుని ముప్పావుగంట నిలబడ్డాను. పైగా కార్కు తీసే మరచుట్టు ఒకటి ఊరికే రాబట్టాను. నా యాభై ఆరేళ్లలో ఇంతకన్నా తెలివితక్కువ పని చేయలేదు. చేసిన రోజు మాత్రం ఇందా పేట నుంచి గోల్‌బజార్ దాకా ఆటోలో నాలో నేనే నవ్వుకుంటూ వచ్చాను. పక్కన కూర్చున్నావిడ కొంచెం జరిగి కూర్చుంది.

మాది గోల్‌బజార్‌లో పప్పులు, మసాలా దినుసుల దుకాణం. తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి పెట్టాడు. నాన్న పెంచాడు. ఇప్పుడు తమ్ముడూ నేనూ నడుపుతున్నాం. నేను అక్షరాల కన్నా ముందు రుచులు నేర్చుకున్నదాన్ని. లారీ దిగిన బస్తాలోకి ఇనప గొట్టం దూర్చి, గుప్పెడు శనగపప్పు తీసి నాన్న నా అరచేతిలో పోసేవాడు. నమిలి చెప్పాలి. ఈ ఏటిదా, నిరుటిదా? తడి తగిలిందా? రేకుల షెడ్డులో ఉడికిందా? లవంగం కొరికి, నూనె పిండేసి ఎండబెట్టి అమ్ముతున్నారో లేదో చెప్పాలి. పన్నెండో ఏడు వచ్చేసరికి నేను చెప్పాక నాన్న మళ్లీ నమిలి చూసేవాడు కాదు. బజారులో పెద్దవాళ్లు కూడా పొట్లం పట్టుకొచ్చి, "ఏదమ్మా, ఓసారి కొరికి సెప్పు" అనేవారు. ఆ గొప్ప ఇప్పటికీ నాకు ఉంది. కథంతా ఆ గొప్ప వల్లే వచ్చింది.

రుచితో పాటు నాన్న ఇంకొకటి నేర్పాడు. కొనేటప్పుడు సరుకు ఎంత బాగున్నా మొహంలో కనపడకూడదు. మూడు వంకలు పెట్టాలి. రెండు పెడితే మనకు అవసరం ఉందని అమ్మేవాడు కనిపెడతాడు. నాలుగు పెడితే కొనేది లేదని లోపలికి వెళ్లిపోతాడు. అందుకని మూడు. డబ్బిచ్చి, సరుకు మన గడప దాటిందా, ఆ మూడు వంకలూ అక్కడితో మరిచిపోవాలి. మనం కొన్నదాన్ని మన నోటితో తక్కువ చేసుకోకూడదు. ఇది దుకాణానికే కాదు, ఇంటికీ వర్తించేది. నా పెళ్లికి కొన్న పట్టుచీర మొదటి ఉతుక్కే రంగు దిగిపోతే, అసలు రంగు కన్నా దిగిన రంగే బాగుందని మా అమ్మ దాన్ని ఇరవై ఏళ్లు కట్టింది.

వంకలు నిజం కావని మా బజారులో అందరికీ తెలుసు. అవి ధర దించడానికి పలికే మాటలు. చెప్పేవాళ్లూ నమ్మరు, వినేవాళ్లూ నమ్మరు.

పూరీ గేట్ దగ్గర ఉండే సిస్టరమ్మ నాకు పాతికేళ్ల స్నేహితురాలు. ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. ఊరంతా ఆమెను సిస్టరమ్మనే పిలుస్తుంది. కోస్తా నుంచి వచ్చి మూడు తరాలుగా రైల్వే జీతాల మీద బతికిన క్రైస్తవ కుటుంబం వాళ్లది. ఏటా నవంబరు ఆఖర్లో మా దుకాణానికి వచ్చి లవంగాలు, దాల్చినచెక్క, పంచదార, గుప్పెడు గోధుమలు కొంటుంది. క్రిస్మస్ వైనుకి. నల్లద్రాక్షతో కలిపి పింగాణీ జాడీలో మూడు వారాలు ఊరబెట్టి, పాత పంచె గుడ్డలో వడగట్టి, పండగనాడు నాకొక స్టీలు గ్లాసుడు పంపుతుంది. మందు అనే మాట మా ఇంట్లో దగ్గుకే వాడతాం కాబట్టి దాన్ని ద్రాక్షరసం అంటాం. ఆ రసం తాగిన మధ్యాహ్నం కునుకు అంత గట్టిగా ఎందుకు పడుతుందని మా ఇంట్లో ఎవరమూ అడగలేదు.

ఆ నవంబరులో సిస్టరమ్మ ఒక్కతే రాలేదు. కూతుర్ని వెంటబెట్టుకొచ్చింది. ఒక్కతే కూతురు. కలకత్తాలో ఒక పెద్ద హోటల్లో నాలుగేళ్లుగా వడ్డన పని చేస్తోంది.

"సావుకారమ్మా, మా పిల్లకి పరీచ్చ ఉన్నాదే. వైను పరీచ్చ," అంది సిస్టరమ్మ లవంగాలు ఏరుకుంటూ.

"తాగడానికి కూడా పరీచ్చేటే?"

"తాగడానికి కాదు పిన్నీ, ఉమ్మడానికి," అంది పిల్ల.

నవ్వి, తరవాత సంగతి చెప్పింది. హోటల్లో వైను చూసుకునే మనిషి ఒకరు కావాలి. అతిథి ఏ భోజనం చేస్తున్నాడో చూసి, ఏ సీసా బాగుంటుందో చెప్పి, తెరిచి పోసే పని. వడ్డన వాళ్లలో ముగ్గురు పోటీలో ఉన్నారు. పేరు కనపడకుండా నాలుగు గ్లాసులు ముందు పెడతారు. నాలుగూ ఫ్రాన్సులో బోర్డో అనే చోటివే. ఏది నదికి ఎడమ ఒడ్డుదో, ఏది కుడి ఒడ్డుదో రుచి చూసి చెప్పాలి. అది ఎలా ఉందో తినడానికి వచ్చినవాళ్లకు అర్థమయ్యేలా కూడా చెప్పాలి.

"ఈసారి కాపోతే మరోసారి రాసుకో," అన్నాను.

"మరోసారి లేదు పిన్నీ. ఈసారి కాపోతే మానీసి వచ్చీడమే. నాలుగేళ్లు పళ్లేలు మోసినాను. ఆ ఇద్దరికీ ఇంగ్లీషు ధారగా వచ్చు. నాకు తడబాటు. వాళ్లకి లేనిది నా దగ్గర ఒకటే ఉంది," అని నాలుక బయటపెట్టి చూపించింది.

పదిరోజులు సెలవు పెట్టి వచ్చింది. ఇంటి దగ్గర సాధన చేసుకోవడానికి నాలుగు సీసాలు కావాలి. పది వేలు దాచుకుంది. మర్నాడు కలకత్తా వెళ్లి కొనుక్కొస్తానంది. అక్కడే నాలో ఉన్న బేరగత్తె లేచి కూర్చుంది.

"పది వేలా? ఆ కలకత్తా వాడు నీ మొగం సూసి ధర సెప్తాడు. డబ్బు నాకియ్యి. ఈ ఊళ్లోనే తెస్తాను."

ఇందాలో బస్సుల రోడ్డు మీద ఒక మందుషాపు ఉంది. ముందు ఇనప జాలీ, పక్కన పడమటి ఎండ తగిలే గాజు బీరువా. ఆ బీరువాలో నాలుగు ఫ్రెంచి సీసాలు నిలబడి ఉండేవి. ఆటోలో అటు వెళ్లినప్పుడల్లా చూసేదాన్ని. అమ్ముడుపోని సరుకు ఎక్కడున్నా నా కన్ను దానంతటదే అటు పోతుంది. రెండు ఎండాకాలాలు దాటినా అవి అక్కడే ఉన్నాయి. నా లెక్కలో అది మనకు కలిసొచ్చే సంగతి. సరుకు ఎంత పాతబడితే అమ్మేవాడు అంత మెత్తబడతాడు.

గాజు బయటినుంచి ఫొటో తీసి పిల్లకు పంపాను. వెంటనే ఫోను చేసింది. "రెండు ఎడమ ఒడ్డువి, రెండు కుడి ఒడ్డువి. సరిగ్గా కావల్సినవే పిన్నీ! కానీ చల్లటి చోట దాచినారో లేదో అడుగు."

అడగలేదు. అడిగితే దాచాననే అంటాడు, దాచినందుకు ధర పెంచుతాడు.

షాపు యజమాని నడివయసు బెంగాలీ. సీసాలు బయటికి తీయించి, జాలీ కన్నంలోంచి ఒక్కొక్కటీ తిప్పి చూశాను. అతని భాషలోనే మొదలుపెట్టాను.

"లేబుళ్లు ఎండకి వెలిసిపోయాయి దాదా." మొదటి వంక.

"మెడ దగ్గర ఏదో కారి జిగురు కట్టింది. చీమలు కూడా వచ్చి చూసుకుని వెళ్లాయి." రెండోది.

"ఇదిగో, లోపల కార్కు పైకి తన్నుకొచ్చి మూత ఉబ్బింది." మూడోది.

"ఇన్ని లోపాలుంటే ఎందుకు కొంటున్నారు బౌదీ?" అన్నాడు, నన్ను వదినని చేసి.

"నీ మీద జాలితో."

క్యూలో ఉన్నవాళ్లు నవ్వారు. అతనూ నవ్వాడు. సీసాల మీద అచ్చేసిన ధరలు కలిపితే సరిగ్గా పది వేలు. తొమ్మిదన్నాడు, నేను నాలుగన్నాను. రెండుసార్లు వెళ్లిపోయాను. రెండోసారి బస్టాపు దాకా పోయాను. వెనక నుంచి పిలుపు వచ్చింది. ఆరు వేలు, మరచుట్టు ఉచితం.

ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆ రోజు నేను పెట్టిన మూడు వంకలూ అక్షరాలా నిజం. వైను గురించి ఓనమాలు చదివినవాడెవడైనా ఆ మూడింట్లో ఒక్కటి చూసినా సీసా ముట్టుకోడు. జీవితమంతా అబద్ధపు వంకలు పెట్టీ పెట్టీ, నిజం వంక నా నోట్లోంచే వస్తే నా చెవి పట్టించుకోలేదు.

మిగిలిన నాలుగు వేలు పిల్ల చేతిలో పెట్టినప్పుడు నా ఛాతీ ఎంత పొంగిందో చెప్పను.

ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక, మధ్యాహ్నం సిస్టరమ్మ ముందుగదిలో కూర్చున్నాం. మేం ముగ్గురమే. రంగు కనపడాలని బల్ల మీద తెల్లదుప్పటి పరిచారు. పొడుగు కాడ గ్లాసులు పిల్ల తువ్వాలులో చుట్టి తెచ్చింది. పేర్లు కనపడకుండా సీసాలకు చనిపోయిన తండ్రి పాత మేజోళ్లు తొడిగి, వరస తల్లి చేత మార్పించింది. ఉమ్మడానికి సిస్టరమ్మ తన ఆస్పత్రి రోజుల నాటి కిడ్నీ ట్రే తెచ్చి పెట్టింది.

"ఇందులో ఉమ్మితే నాకు వాంతి గుర్తొస్తాదే," అన్నాను.

"ఎంతమంది సావుకార్లు ఉమ్మినారో అందులో. నువ్వేటి కొత్తా?" అంది సిస్టరమ్మ.

పిల్ల నిలబడి, అతిథులకు చెప్పినట్టే చెప్పడం మొదలుపెట్టింది. "మన కాసాయి నది లాగ అనుకో పిన్నీ. ఇటేపు మనం, అటేపు మేదినీపూర్. అక్కడా అంతే. ఎడమ ఒడ్డున గులకరాళ్ల నేల. అక్కడి ద్రాక్షకి తోలు మందం, వైను బిగుతుగా ఉంటాది, నాలిక పట్టీస్తాది. కుడి ఒడ్డున బంకమట్టి. అక్కడిది మెత్తన, కండ ఉంటాది, ఆలూబుఖారా పండు లాగ. ముందు వాసన చూడు."

గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకున్నాను. పెట్టుకోగానే తెలిసిపోయింది.

ఎండలో మరిచిపోయిన బెల్లం డబ్బా. ఉడికి చల్లారిన పండు, తడిసి ఆరిన అట్టపెట్టె. అన్నిటి వెనకా ముక్కిన జీడిపప్పు. నోట్లో పోసుకుంటే తీపీ కాదు, పులుపూ కాదు, రేకుల షెడ్డులో వేసవంతా మగ్గిన సరుకు ఏదైనా ఇచ్చే ఆ ఒక్క రుచి. రెండో గ్లాసు, మూడోది, నాలుగోది. నదికి ఒడ్లే లేవు. నాలుగూ ఒకటే. అంత వేడి తిన్నాక శనగపప్పుకీ కందిపప్పుకీ కూడా తేడా మిగలదు. వైనుకి ఎక్కడ మిగులుతుంది?

పిల్ల నా మొహంలోకి చూస్తోంది.

"అబ్బ! ఏం సరుకే!" అన్నాను.

అలా అనడానికి నాకు ఆలోచన కూడా పట్టలేదు. కొన్న సరుకు అది. గడప దాటింది. నా నోరు దాని పని అది చేసుకుపోయింది.

"నీకు తేడా తెలస్తందా పిన్నీ?"

"ఎందుకు తెలీదూ? ఇది గట్టిది, ఇది మెత్తన," అని చేతికి దొరికిన రెండు గ్లాసులు చూపించాను.

సిస్టరమ్మ గుటక మింగి, "క్రిస్మస్‌కి నాను సేసినదానంత తీపి లేదు గానీ, సావుకారమ్మ బాగుందంటే బాగున్నట్టే. గోల్‌బజార్‌లో ఆ నాలికని కాదనేవోడు లేడు," అంది.

పిల్ల మళ్లీ వాసన చూసింది, మళ్లీ రుచి చూసింది. నోటుపుస్తకంలో ఏదో రాసింది, కొట్టేసింది, మళ్లీ రాసింది. ఒడ్డు చెప్పి మేజోడు తీసి చూసుకుంది. నాలుగింట్లో మూడు తప్పు. "సీసాలు..." అని ఏదో అనబోయి, నా వైపు చూసి ఆగిపోయింది. నేను గబగబా, "మొదటిరోజు కదే, అలవాటవుతాది," అన్నాను. అప్పుడైనా చెప్పొచ్చు. నాలుగు వేలు తగ్గించానన్న గొప్ప గొంతుకడ్డం కూర్చుంది.

బుధవారం పొద్దున్న సిస్టరమ్మ దుకాణానికి వచ్చింది. ఏమీ కొనలేదు. బెంచీ చివర కూర్చుంది.

"పిల్ల పరీచ్చకి ఎల్లనంటన్నాది."

"ఏటి, భయమా?"

"భయమైతే ప్రార్థన సేసి పంపీదును. రోజూ పొద్దున్న లేచి అయ్యే నాలుగూ వాసన సూస్తన్నాది. నాలుగూ ఒకటే లాగున్నాయి, పాడైన లాగున్నాయి, పిన్నికేమో తేడా తెలిసింది, నాకు తెలీడంలేదు, నా నాలిక సచ్చిపోనాది అంటన్నాది. నువ్వు పప్పు నమిలి సెప్పినదాన్నే ఊరంతా నమ్ముద్ది కదేటి. అది నమ్మదా? రేపు హోటలుకి ఫోను సేసి తన పేరు తీసెయ్యమంటాదట."

అంతసేపూ నా చేతులు లవంగాల పళ్లెంలో ఉన్నాయి. ఒకటి కొరికాను. మంచి లవంగం, నూనె నిండుగా ఉంది. నా నాలుకకు ఏ రోగమూ లేదని ఆ పొద్దున్న రుజువు దొరకడం నాకేమీ సంతోషంగా అనిపించలేదు.

"పద," అన్నాను. తమ్ముడికి గల్లా అప్పగించి ఆటో ఎక్కాం. దారిలో సిస్టరమ్మతో ఏమీ చెప్పలేదు. ఒక్కసారే చెప్పే ధైర్యం ఉంది నా దగ్గర. దాన్ని ఇద్దరికీ విడివిడిగా ఖర్చు పెట్టలేను.

పిల్ల వరండాలో కూర్చుని తువ్వాలులో గ్లాసులు చుట్టుకుంటోంది.

"ఆ సీసాలు పాడైపోనాయే," అన్నాను. "నాలుగూను. మొదటి వాసనకే నాకు తెలిసింది."

చుట్టడం ఆపింది. "మొదటి వాసనకే?"

"మొదటి వాసనకే."

"మరి బాగుందని ఎందుకు చెప్పినావు?"

ఉన్న జవాబే చెప్పాను. "కొనీసినాను కదా, అందుకు."

సిస్టరమ్మ నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. పిల్ల లేచి నిలబడింది. కోపంతో ముక్కు ఎర్రబడింది.

"మూడు రోజులు పిన్నీ. మూడు రోజులు నా నాలిక ఉప్పుతో తోముకున్నాను. వేపపుల్లతో గీసుకున్నాను. రాత్రి అన్నం తింటే అన్నం రుచి కూడా అనుమానమే. నీకు తెలిసుండీ!"

లోపలికి వెళ్లి నోటుపుస్తకం తెచ్చి నా ఒళ్లో పడేసింది. ఆదివారం పేజీ. మొదట రాసిన వరుసలు కొట్టేసినా చదవడానికి వస్తున్నాయి. 'ఉడికిన పండు. తడి అట్ట. పాత జీడిపప్పు. వేడికి చెడింది.' దాని కింద కొట్టెయ్యకుండా ఉన్న వరుస: 'పిన్ని బాగుందంది. మళ్లీ చూడాలి.'

పదాలు కూడా నావే. అట్ట, జీడిపప్పు. మా నాన్నలాంటివాడు అరచేతిలో పప్పు పోసి నేర్పకుండానే, తల్లి జాడీ దగ్గర కూర్చుని ఈ పిల్ల అక్కడికి చేరింది. నేను దాన్ని ఒక్క మాటతో కొట్టేయించాను.

"కొట్టినదే నిజం. కిందది తీసెయ్యి," అన్నాను.

"తీసెయ్యను. ఉండనీ. ఎవరి మాట నమ్మితే ఏటవుద్దో గుర్తుండాలి," అంది. గ్లాసుల మూట పక్కకి నెట్టి, "ఇప్పుడు సీసాలేవీ? నాలుగు వేలకి నాలుగు రావు," అంది.

"నేను కొంటాను. రేపు కలకత్తా పోదాం."

"నువ్వు బేరమాడతావు."

"ఆడను."

"మూడు వంకలు పెడతావు."

"ఒక్కటీ పెట్టను. ఒట్టు."

"దేని మీద?"

"నా నాలిక మీద," అన్నాను. అప్పుడు నవ్వింది, రాకూడదనుకున్నా వచ్చేసిన నవ్వు.

గురువారం పొద్దున్నే హౌరా లోకల్ రైలెక్కాం. పిల్ల కిటికీ పక్కన కూర్చుని నోటుపుస్తకం తిరగేసింది. మరమరాలు కలిపిచ్చే మురీ వాడు వస్తే రెండు పొట్లాలు కొన్నాను. అతనితో కూడా బేరమాడలేదు. పిల్ల ఓరగా చూసి, "ఒట్టు అక్కడికి చాలు పిన్నీ, ఇక్కడ బేరమాడుకోవచ్చు," అంది.

కలకత్తా షాపు చల్లగా ఉంది. సీసాలన్నీ పసిపిల్లల్లా పడుకుని ఉన్నాయి. అక్కడ నాకు అర్థమైంది. వాటిని నిలబెట్టకూడదట. పడుకోబెడితే కార్కు తడిగా ఉండి గాలి పోనివ్వదట. పిల్ల సీసాలు ఎత్తి చూసి ఒక్కొక్కటీ పక్కన పెట్టింది. నాలుగు. పదివేల నాలుగు వందలు అన్నాడు కుర్చీలో అబ్బాయి. నా కింది పెదవి పళ్ల మధ్య పెట్టుకుని నోట్లు లెక్కపెట్టి ఇచ్చాను. ఆ నాలుగు వందలు తీసెయ్యమని అడగకుండా ఉండటానికి పడ్డ బాధ, రెండు కాన్పుల్లోనూ పడలేదు. బయటికొచ్చాక పిల్ల నా చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించింది. మాట్లాడకుండా ఉండటంలో అలిసిపోయానని దానికి తెలిసినట్టుంది.

శనివారం మళ్లీ అదే బల్ల, అదే తెల్లదుప్పటి, అవే మేజోళ్లు, అదే కిడ్నీ ట్రే. పక్కగదిలో క్రిస్మస్ జాడీ బుడగలు తీస్తోంది, వాసన గుమ్మం దాకా వస్తోంది. దాన్ని ఆపడానికి సిస్టరమ్మ తలుపు వేసి సందులో తువ్వాలు కుక్కింది.

మొదటి గ్లాసుకే ఆదివారంనాటి వైనుకీ దీనికీ చుట్టరికం లేదని తెలిసింది. నల్ల నేరేడు, చెక్కిన పెన్సిలు. నోట్లో పోసుకుంటే బుగ్గలు లోపలికి లాగాయి, పచ్చి వెలక్కాయ కొరికినట్టు. ఉమ్మాక కూడా పళ్లమీద సన్నటి పొడిగా మిగిలింది. రెండోది అలా కాదు. పండిన ఆలూబుఖారా, అడుగున మొదటి వాన పడ్డ మా ఎర్రనేల. మెత్తగా వెళ్లిపోయింది, గొంతు దగ్గర గొడవ పెట్టలేదు. రెండూ పక్కపక్కన పెట్టుకుని ఒకదాని తరవాత ఒకటి చూస్తుంటే, ఒకే లారీలో వచ్చిన రెండు జిల్లాల కందిపప్పు గుర్తొచ్చింది. చూపుకి ఒకటే, పంటి కింద పడితేనే రెండు ఊళ్లు. ఒడ్డు అంటే ఏమిటో నాకప్పుడు తెలిసింది. ఒకే నదిని చూసిన రెండు నేలలు తమ తమ మాట చెప్పుకుంటున్నాయి.

మూడోది నాకు నచ్చింది. ముందు మెత్తగా వచ్చి వెనక కొంచెం బిగిసింది. "కుడి ఒడ్డు," అన్నాను, బజారులో తీర్పు చెప్పే గొంతుతోనే.

పిల్ల రెండోసారి వాసన చూసింది. గ్లాసు పక్కకి వంచి తెల్లదుప్పటి మీద రంగు చూసింది. నోట్లో తిప్పి ఉమ్మింది. నా వైపు చూసింది. ఆదివారం చూసిన చూపే, కానీ ఈసారి ఆగలేదు.

"కాదు పిన్నీ. ఎడమ."

"మెత్తన ఉన్నాది కదే."

"ముందు మెత్తన. చివర చూడు, పళ్ల మీద పట్టు. ఆ ఒడ్డునే మెత్తని ద్రాక్ష ఎక్కువ కలిపినారు. ఎడమ."

"నా నాలిక..."

"నీ నాలిక పప్పుకి," అంది.

సిస్టరమ్మ మేజోడు లాగింది. ఎడమ ఒడ్డు.

నేను కావాలని తప్పు చెప్పి పిల్లకు ధైర్యం ఇచ్చానని సిస్టరమ్మ ఇప్పటికీ చర్చిలో అందరికీ చెప్తుంది. నేను కాదంటే వినయం అనుకుంటారు. నిజంగానే తప్పు చెప్పాను. నాలుగోదానికి కూడా తప్పే చెప్పాను. పిల్ల నాలుగూ సరిగ్గా చెప్పింది.

తరవాత నేను ఎప్పుడూ చేయని పని ఒకటి చేశాను. కొన్న సరుక్కి వంక పెట్టాను. "నాలుగోది ఇచ్చిన డబ్బుకి తగ్గది కాదే. నీళ్లగా ఉన్నాది," అన్నాను. పిల్ల మళ్లీ రుచి చూసి, "అవును, అది కొంచెం మోసమే," అని పుస్తకంలో రాసుకుంది. కొట్టెయ్యలేదు.

పరీక్షలో నాలుగింట్లో మూడు ఒడ్లు సరిగ్గా చెప్పిందట. ఒకటి తప్పింది. అతిథికి చెప్పమన్నప్పుడు ఇంగ్లీషు తడబడింది. నదికి అటూ ఇటూ ఉన్న రెండు ఊళ్ల గురించి చెప్తే మాత్రం వాళ్లు వింటూ ఉండిపోయారట. ఆరు నెలలపాటు చేతికింద మనిషిగా పెట్టుకుంటాం, తరవాత చూస్తాం అన్నారు. పళ్లేలు మోయక్కర్లేదు. జీతం పెద్దగా పెరగలేదు. వెళ్లేముందు దుకాణానికి వచ్చి, నేను పెట్టిన లవంగం కొరికి, "నూనె ఉన్నాది, తీసుకో," అని నాకే చెప్పి వెళ్లింది.

ఇక లెక్క. ఇందా మందుషాపు బేరంలో నేను మిగిల్చినది నాలుగు వేలు. దాన్ని మిగల్చడానికి అయిన ఖర్చు ఇది. పాడైన సీసాలకు పిల్ల ఇచ్చిన ఆరు వేలు నా చేతి నుంచి తిరిగి ఇచ్చాను. కలకత్తా సీసాలు పదివేల నాలుగు వందలు. లోకల్ టికెట్లు ఇద్దరికీ రానూపోనూ నూట ఇరవై. అక్కడ ట్యాక్సీ రెండు వందల నలభై. మురీ రెండు పొట్లాలు, బేరం లేకుండా, నలభై. మొత్తం పదహారు వేల ఎనిమిది వందలు. పాడైన వైనులో మిగిలినది సిస్టరమ్మ మాంసం నానబెట్టడానికి వాడింది. దాన్ని జమ కట్టను, ఆ కూర నేను తినలేదు. మరచుట్టు రెండో సీసా దగ్గరే విరిగింది. ఎనిమిది ఖాళీ సీసాలు పాతసామాన్ల వాడికి వేస్తే ఒక్కోటి రూపాయి అన్నాడు. మూడు వంకలు అతను పెట్టాడు, నేను రెండు రూపాయలకు ఒప్పించాను. జమ పదహారు రూపాయలు. నికరంగా నా చేతి నుంచి పోయినది పదహారు వేల ఏడు వందల ఎనభై నాలుగు.